‘ఎంతమందిలో?’ అని అడగడానికి లెక్కల్లో ఫస్టు రానక్కర్లేదు

లెక్కలంటే భయపడేవాళ్లను తప్పుదారి పట్టించాలంటే అబద్ధం ఆడాల్సిన పనిలేదు. నిజమైన అంకెనే సగం చెప్పి ఊరుకుంటే చాలు. మిగతా సగం వాళ్లు అడగరు.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో జరిగింది ఇదే. మందుల భద్రతను పర్యవేక్షించే అక్కడి ప్రభుత్వ కమిటీ డాక్టర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొత్తరకం గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం, పాత మాత్రలతో పోలిస్తే రెట్టింపు అని దాని సారాంశం. పేపర్లూ టీవీలూ ఆ ‘రెట్టింపు’ను పట్టుకున్నాయి. ఎంతోమంది ఆడవాళ్లు హడలిపోయి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా.

ఇంతకీ ఆ రెట్టింపు ఎంత? పాత మాత్రలు వాడే ప్రతి 7,000 మందిలో ఒకరికి గడ్డ కడుతుంటే, కొత్త మాత్రలు వాడే 7,000 మందిలో ఇద్దరికి కడుతోంది. ఒకటికి రెండు రెట్టింపే, అందులో అబద్ధం లేదు. 7,000 మందిలో పెరిగింది మాత్రం ఒక్కరు. పైగా గర్భం వల్ల గడ్డలు కట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. అంటే ప్రమాదం నుంచి తప్పించుకుందామని పరుగెత్తినవాళ్లలో చాలామంది అంతకంటే పెద్ద ప్రమాదంలోకే వెళ్లారు.

ఈ ఉదంతం చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. కమిటీ చెప్పింది నిజం, పేపర్లు రాసింది నిజం. ‘ఎంతమందిలో రెట్టింపు?’ అన్న ఒక్క ప్రశ్న మాత్రం జనంలో వినపడలేదు. ఆ ప్రశ్న అడగడానికి కావలసింది ఐదో తరగతి లెక్క, అది అందరికీ వచ్చు. వచ్చినా అడగలేదంటే, అంకె కనపడగానే ‘ఇది మన బుర్రకెక్కేది కాదులే’ అని పక్కకు తప్పుకునే అలవాటే కారణమని నా నమ్మకం. లెక్కల భయం గురించి ఎవరు మాట్లాడినా మార్కులు తగ్గుతాయనో, మంచి ఉద్యోగాలు రావనో అంటారు. అంతకంటే పెద్ద నష్టం ఇది. మన ఆరోగ్యం గురించీ మన ఓటు గురించీ జరిగే చర్చలో, ఎవరు పెద్ద అంకె చెబితే వాళ్ల మాటే చెల్లుతుంది.

భయపడేవాళ్లు తమకు తెలివి లేదనుకుంటారు. చూసేవాళ్లూ అలాగే అనుకుంటారు. అసలు సంగతి తెలియాలంటే 47ని 8తో మనసులోనే హెచ్చవేసి చూడండి. ఏడెనిమిదులు 56, ఆరు వేసి అయిదు మిగుల్చుకోవాలి. ఆ అయిదును గుర్తు పెట్టుకుంటూనే నాలుగెనిమిదులు 32 అనుకుని, దానికి అయిదు కలపాలి. 37, పక్కన 6, మొత్తం 376. ఇదంతా జరగడానికి మనసులో ఉన్న చోటు చాలా తక్కువ. ‘తప్పు చెప్తే నవ్వుతారేమో’ అన్న ఆలోచన కూడా అదే చోటులోకి దూరితే, ముందుగా జారిపోయేది ఆ అయిదే. చేతికి తప్పు జవాబు వస్తుంది, ‘చూశావా, నాకు లెక్కలు రావు’ అన్న నమ్మకం మరికాస్త గట్టిపడుతుంది, మళ్లీసారి భయం ఇంకాస్త ముందే మొదలవుతుంది. షికాగో యూనివర్సిటీలో పనిచేసిన సైకాలజిస్టు సియన్ బైలాక్, ఆమె సహచరులు ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే. లెక్క చేయడానికి కావలసిన జ్ఞాపకశక్తిని టెన్షన్ తినేస్తుంది. లెక్క వచ్చినవాళ్లే ఆ క్షణంలో చేయలేకపోతారు.

ఇలాంటివాళ్లు ఎక్కడో అరుదుగా ఉంటారనుకుంటే పొరపాటు. 2012లో, దేశదేశాల పిల్లల చదువును పోల్చి చూసే పీసా పరీక్షల సందర్భంగా, ఎక్కువగా సంపన్న దేశాలే ఉన్న ఓఈసీడీ కూటమిలోని పదిహేనేళ్ల పిల్లలను అడిగితే, లెక్కల క్లాసు కష్టంగా ఉంటుందేమోనని తరచూ ఆందోళన పడతామని 59 శాతం మంది చెప్పారు. లెక్కల హోంవర్కు చేయాలంటేనే విపరీతమైన టెన్షన్ అని 33 శాతం మంది అన్నారు. ఆ పిల్లలే ఇప్పుడు ఓటర్లు, తల్లిదండ్రులు, పేషెంట్లు.

ఈ భయాన్ని పెంచి పోషించేది వేగం. క్లాసులో నిలబెట్టి ‘ఏడు తొమ్మిదులు ఎంత?’ అని గద్దించి, రెండు సెకన్లలో జవాబు రాకపోతే పక్కవాడి వైపు తిరిగే పద్ధతి ఒకటుంది చూడండి, దాని మీద నాకు తీరని కోపం. ఆ రెండు సెకన్ల మౌనంలో పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే: లెక్కలంటే తొందరగా చెప్పేవాళ్ల సొత్తు అని. నిజానికి గణితంలో పైమెట్టున ఉన్నవాళ్లకు ఆ తొందర కనపడదు. గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్‌ను 2014లో అందుకుని, దాన్ని పొందిన మొదటి మహిళ అయిన మరియం మిర్జాఖానీ తనది నిదానంగా ఆలోచించే తీరు అని స్వయంగా చెప్పుకున్నారు. పెద్ద పెద్ద కాగితాలు నేలమీద పరుచుకుని, ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చునేవారట. చిన్నప్పుడు స్కూల్లో ఒక ఏడాది ఆమె లెక్కల్లో వెనకబడ్డారు. ఆ ఏడాది చెప్పిన టీచరుకు ఆమె మీద పెద్దగా నమ్మకం లేదు. అంతటి మనిషినే ఒక టీచరు అపనమ్మకం కుంగదీస్తే మామూలు పిల్లల సంగతి చెప్పాలా?

కాబట్టి భయం పోవాలంటే మొదట చేయాల్సింది నిదానించడం. కాగితం తీసుకోవడం. మనసులో చేసి చూపించాలన్న పట్టుదల వదిలేయడం. ఇది ఎంత పనిచేస్తుందో మా అక్క దగ్గర చూశాను.

మా అక్క ఇంటి జమాఖర్చులన్నీ నోటితోనే తేల్చేస్తుంది. కానీ కాగితం మీద శాతం గుర్తు కనపడిందంటే ఆ కాగితం నా చేతికొస్తుంది. “నువ్వు చూసి చెప్పవే, నాకు ఈ లెక్కలు రావు” అంటుంది. ఆమధ్య ఏ లక్షణాలూ లేకపోయినా స్క్రీనింగ్ కోసం, రొమ్ము క్యాన్సర్‌ను పట్టే మామోగ్రామ్ పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ అని వచ్చింది. ఇంకో పరీక్ష చేయాలి, వచ్చే వారం రమ్మన్నారు. వాళ్లిచ్చిన కరపత్రంలో ‘జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతం మందిని ఈ పరీక్ష గుర్తిస్తుంది’ అని ఉంది. ఆ ఒక్క లైను చదివి, తనకు క్యాన్సర్ ఉండే అవకాశం 90 శాతం అని అక్క ఖాయం చేసేసుకుంది. రెండు రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

ఒక తెల్లకాగితం ముందు పెట్టి, పెన్ను ఆమె చేతికే ఇచ్చాను. “వెయ్యిమంది ఆడవాళ్లు ఉన్నారనుకో అక్కా. ఎవరికీ ఏ లక్షణాలూ లేవు. వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు పదిమంది. పరీక్ష ఆ పదిమందిలో ఎంతమందిని పట్టుకుంటుంది?”

“తొంభై శాతమంటే... తొమ్మిదిమందిని.”

“మిగతా 990 మందికి జబ్బు లేదు. కానీ అలాంటివాళ్లలో కూడా వందకు తొమ్మిదిమందికి ఈ పరీక్ష పొరపాటున పాజిటివ్ చూపిస్తుందనుకో. అప్పుడు?”

పెన్ను ఆగింది. నేనేమీ అందించలేదు. కాసేపటికి తనే గొణుక్కుంటూ, “వెయ్యికైతే తొంభై. పదిమంది తక్కువ కాబట్టి ఎనభై తొమ్మిది వేసుకోనా?” అంది.

“వేసుకో.”

తొమ్మిది కింద ఎనభై తొమ్మిది రాసి కూడింది. 98 వచ్చింది. దాన్ని కాసేపు చూసి, “అయితే పాజిటివ్ వచ్చినవాళ్లు 98 మంది, అందులో జబ్బున్నది తొమ్మిదిమందికేనా? మరి ఇక్కడ తొంభై శాతమని ఎందుకు రాశారే?” అని నన్ను నిలదీసింది.

అదీ అసలైన ప్రశ్న. ఆ తొంభై శాతం జబ్బున్నవాళ్లలో. అక్కకు కావలసింది పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి జబ్బు ఉంటుందన్న లెక్క. అది పదిమందిలో ఒకరికంటే కాస్త తక్కువ. రెండూ నిజాలే, రెండిటి కింద ఉన్న మనుషుల గుంపులు వేరు. ఈ అంకెలు అక్క సొంత రిపోర్టువి కావు. జర్మన్ సైకాలజిస్టు గెర్డ్ గిగరెంజర్ డాక్టర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాడినవి, ఆ సంగతి తర్వాత చెప్తాను. వయసును బట్టి, పరీక్షను బట్టి అంకెలు మారతాయి, రెండో పరీక్ష మానకూడదు. అక్క కూడా వెళ్లి చేయించుకుంది, ఏమీ లేదని తేలింది. ఒకవేళ ఉందని తేలినా ఆ రోజు కాగితం మీద ఆమె వేసిన లెక్క తప్పయ్యేది కాదు. నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. పదేళ్లుగా ‘నాకు రావు’ అంటున్న మనిషి, శాతాన్ని మనుషులుగా మార్చి ఇచ్చేసరికి, ఎవరి సాయమూ లేకుండా చాలామంది డాక్టర్లు తడబడే లెక్కను పూర్తిచేసింది.

శాతాన్ని మనుషులుగా మార్చడం అన్నాను కదా, పెద్ద అంకెల విషయంలో దీన్ని తిరగేసి చేయాలి: మొత్తాన్ని మనిషి తలకు పంచాలి. కోటి, వంద కోట్లు, లక్ష కోట్లు అన్న మాటలు చెవికి ఒకేలా వినిపిస్తాయి. సెకన్లలో చూడండి. లక్ష సెకన్లంటే ఒక రోజు దాటి దాదాపు మరో నాలుగు గంటలు. కోటి సెకన్లంటే దాదాపు 116 రోజులు. వంద కోట్ల సెకన్లకు 31 ఏళ్లు దాటిపోతాయి. లక్ష కోట్ల సెకన్లకు 31 వేల ఏళ్ల పైమాటే. ఈ తేడా ఒంటికి తగలనంతవరకు, ‘ఇన్ని వేల కోట్లు ఇచ్చాం’ అనేవాడూ ‘ఇన్ని వేల కోట్లు తిన్నారు’ అనేవాడూ మన ముందు సమానంగా గెలుస్తూనే ఉంటారు.

2016లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా వద్దా అన్న రెఫరెండం ప్రచారంలో, వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్‌కు పంపుతున్నామని ఒక బస్సు మీద రాసి ఊరూరా తిప్పారు. బ్రిటన్ కట్టాల్సిన మొత్తంలో ఒక భాగాన్ని పంపడానికి ముందే మినహాయిస్తారు, కాబట్టి అంత డబ్బు అసలు దేశం దాటదు. ఇది తప్పుదారి పట్టించే అంకె అని ఆ దేశపు గణాంకాల సంస్థే ప్రచారం నడుస్తుండగా బహిరంగంగా చెప్పింది. అయినా బస్సు తిరుగుతూనే ఉంది. మినహాయింపు సంగతి పక్కన పెట్టి, బస్సు మీది అంకెనే నమ్మి చూద్దాం. అప్పటి జనాభా సుమారు ఆరున్నర కోట్లు. 35ను ఆరున్నరతో భాగిస్తే మనిషికి వారానికి అయిదు పౌండ్ల చిల్లర. అది ఎక్కువా, తక్కువా, దానికి ప్రతిఫలంగా ఏం వస్తోంది అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన రాజకీయం. నేను ఏ పక్షమూ చెప్పను. కానీ ఆ చర్చ మనిషికి అయిదు పౌండ్ల దగ్గర మొదలైతే జరిగే తీరు వేరు, 35 కోట్ల దగ్గర మొదలైతే జరిగే తీరు వేరు. ఎక్కడ మొదలవ్వాలో బస్సు మీద రాసినవాళ్లకు బాగా తెలుసు.

భయం చదువురానివాళ్లదే అనుకునేవాళ్లు శాలీ క్లార్క్ కేసు తెలుసుకోవాలి. ఆమె ఇంగ్లండ్‌లో లాయరు. ఇద్దరు కొడుకులు పసికందులుగానే హఠాత్తుగా చనిపోయారు, ఒకరు 1996లో, ఇంకొకరు 1998లో. పోలీసులు ఆమె మీదే హత్యానేరం మోపారు. 1999లో విచారణలో పేరున్న ఒక పిల్లల డాక్టరు సాక్ష్యం చెబుతూ, ఇలాంటి కుటుంబంలో రెండు సహజ మరణాలు జరిగే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అన్నారు. ఆ అంకె వచ్చిన తీరు ఇది: అలాంటి ఇంట్లో ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, ఇద్దరు కాబట్టి 8,543ను 8,543తో హెచ్చవేశారు.

అలా హెచ్చవేయడం ఎప్పుడు సరైనది? మొదటి మరణానికీ రెండోదానికీ ఏ సంబంధమూ లేనప్పుడు మాత్రమే. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు. జన్యులోపమో ఇంకేదో కారణం ఇద్దరిలోనూ ఉండొచ్చని సామాన్యుడికి కూడా తడుతుంది. ఇంకా లోతైన తప్పు ఇంకోటి ఉంది. ఆ అంకె సరైనదే అనుకున్నా, అది ఆమె నిర్దోషి అయ్యే అవకాశం కానేకాదు. కన్నతల్లి ఇద్దరు పసిబిడ్డలను చంపడం కూడా అత్యంత అరుదే. ఇద్దరు బిడ్డలు చనిపోయారన్నది ఎలాగూ జరిగిపోయింది. అరుదైన ఆ రెండు కారణాల్లో ఏది ఎక్కువ సంభవం అన్నది అసలు ప్రశ్న. దాన్ని కోర్టు ముందు ఎవరూ సరిగ్గా పెట్టలేదు. ఆమెకు యావజ్జీవం పడింది. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ అంకెకు గణాంకశాస్త్రంలో ఆధారం లేదని బహిరంగ ప్రకటన చేసింది. 2003లో ఆమె విడుదలైంది. దానికి ప్రధాన కారణం, డిఫెన్సుకు చూపించకుండా ఉండిపోయిన ఒక ల్యాబ్ రిపోర్టు బయటపడటం. మూడేళ్లకు పైగా జైల్లో గడిపిన ఆమె 2007లో చనిపోయింది.

ఆ కోర్టు హాల్లో ఉన్నవాళ్లంతా చదువుకున్నవాళ్లే. కోట్లలో ఒకటి అన్న అంకె వినపడగానే, అదెలా వచ్చిందో విప్పి చూడాల్సింది పోయి దాని బరువుకు తలవంచారు. లెక్కల భయం ఎప్పుడూ వణుకులాగే కనపడదు. అంకె పట్ల అతి గౌరవంలా కూడా కనపడుతుంది, ఆ రూపంలోనే అది ఎక్కువ ప్రమాదకరం.

మిగతా తంత్రాలు తెలిసినవే, వాటి మీద ఎక్కువసేపు ఆగను. 50, 52 అనే రెండు అంకెలకు కడ్డీల గ్రాఫు గీసి, కింది గీతను సున్నా దగ్గర కాకుండా 49 దగ్గర పెడితే ఒక కడ్డీ ఇంకోదానికి మూడు రెట్లు కనపడుతుంది. కాబట్టి గ్రాఫు చూస్తే ముందు కడ్డీల పాదాలు చూడాలి. 30 శాతం తగ్గి మళ్లీ 30 శాతం పెరిగింది అంటే పాత చోటికి వచ్చినట్టు కాదు. 100 కాస్తా 70 అయి, 70లో 30 శాతం 21 కలిస్తే 91 దగ్గరే ఆగుతుంది. ‘ఫలానా ఏడాదితో పోలిస్తే’ అన్నప్పుడు, ఆ ఏడాదినే ఎందుకు ఎంచుకున్నారో అడగాలి. సగటు చెబితే మధ్యలో ఉన్న మనిషి పరిస్థితి అడగాలి, ఎందుకంటే నలుగురు బాగా పైన ఉంటే సగటు వాళ్లవైపే లాగుతుంది.

ఇంతవరకు చదివి, ‘అయితే అంకెలన్నీ మోసమే, ఏదీ నమ్మకూడదు’ అనుకునేవాళ్లు ఉంటారు. ఇది నన్ను భయం కంటే ఎక్కువ కలవరపెడుతుంది. డారెల్ హఫ్ అనే అమెరికన్ జర్నలిస్టు 1954లో, గణాంకాలతో ఎలా మోసం చేస్తారో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ నైపుణ్యాన్నే తర్వాత సిగరెట్ కంపెనీలు కొనుక్కున్నాయి. 1965లో అమెరికా కాంగ్రెస్ విచారణలో, పొగతాగడం వల్ల క్యాన్సర్ వస్తుందన్న లెక్కలు నమ్మదగినవి కావని అతను వాదించాడు. సిగరెట్ గణాంకాల మీద అదే తరహాలో ఇంకో పుస్తకానికి కంపెనీల డబ్బు కూడా తీసుకున్నాడు, అది అచ్చు కాలేదు. అప్పటికి బ్రిటిష్ పరిశోధకులు రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద తమ మొదటి ఫలితాలు ప్రకటించి పదిహేనేళ్లు గడిచాయి. జనం సిగరెట్ మానకుండా ఉండటానికి, ఆ లెక్కలు తప్పని నిరూపించాల్సిన పని కంపెనీలకు లేకపోయింది. ‘అంకెలను ఎలాగైనా తిప్పొచ్చు’ అన్న అనుమానం మిగిల్చితే సరిపోయింది.

అన్నీ నమ్మేవాడు, ఏదీ నమ్మనివాడు ఇద్దరూ ఒకే పని ఎగ్గొడుతున్నారు: విప్పి చూడటం. విప్పి చూస్తే కొన్ని అంకెలు చిన్నబోతాయి, కొన్ని నిలబడతాయి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ, సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న జాబితాలోనే చేర్చింది. రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఆ మాంసమూ సిగరెట్టూ ఒకటేనన్నట్టు హెడ్డింగులు వచ్చాయి. నిజానికి ఆ జాబితా చెప్పేది, క్యాన్సర్ వస్తుందనడానికి రుజువు ఎంత గట్టిగా ఉందన్నది మాత్రమే. ఎంతమందికి వస్తుందో అది చెప్పదు. ఎంతమందిలో అని అడిగితే, సంపన్న దేశాల్లో వందమందిలో సుమారు అయిదుగురికి జీవితకాలంలో వచ్చే జబ్బు అది. ఆ అయిదు మీద 18 శాతం అంటే ఇంకొకరు, మొత్తం ఆరుగురు. అదే ప్రశ్న సిగరెట్ గురించి అడగండి. బ్రిటన్‌లో పొగతాగడం మానని మగవాళ్లలో 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం 1990 నాటికి వందలో 16కు చేరిందని డాల్, రిచర్డ్ పీటో బృందం 2000లో లెక్కగట్టింది. అసలు తాగనివాళ్లలో అది వందలో ఒకటి కూడా కాదు. ఒకే జాబితా, ఒకే ప్రశ్న. ఒకచోట భయం తగ్గింది, ఇంకోచోట పెరిగింది. పెరగాల్సినచోట పెరగడమే నాకు కావాలి.

పిల్లల విషయంలో పెద్దవాళ్లకు ఒక మాట చెప్పాలి. ‘నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావులే’ అని పిల్లల ముందు తేలిగ్గా అనేస్తాం, ఓదార్పు అనుకుంటాం. బైలాక్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, లెక్కలంటే భయం ఉన్న మహిళా టీచర్ల దగ్గర ఒకటి, రెండు తరగతులు చదివిన ఆడపిల్లల్లో, ఏడాది చివరికి ‘లెక్కలు మగపిల్లలకే వస్తాయి’ అన్న నమ్మకం ఎక్కువగా కనపడింది. అలా నమ్మిన ఆడపిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు. మొదట్లో వాళ్లూ మిగతావాళ్లలాగే ఉన్నారు. అదే బృందం 2015లో ఇంకోటి గమనించింది: లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో ఎంత ఎక్కువ సాయం చేస్తే పిల్లల నేర్పు అంత తగ్గి, భయం అంత పెరిగింది. సాయం మానేయమని నేను అనను. తెలియనప్పుడు ‘నాకూ వెంటనే తట్టడంలేదు, కాగితం తే, ఇద్దరం చూద్దాం’ అనొచ్చు. లెక్క రాకపోవడానికీ ఇంకా రాకపోవడానికీ మధ్య ఉన్న తేడా పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

అయితే భారమంతా చదివేవాళ్ల మీదే వేయడం కూడా అన్యాయం. అంకె చెప్పేవాళ్లకు బాధ్యత ఉంది, దీనికి రుజువు ఇందాక వాయిదా వేసిన గిగరెంజర్ శిక్షణలో దొరుకుతుంది. అక్క చేసిన లెక్కనే ఆయన 160 మంది స్త్రీల వైద్యనిపుణుల ముందు పెట్టారు, శాతాల్లో. పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత అని అడిగితే సరైన జవాబు ఎంచుకున్నవాళ్లు 21 శాతం. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి ఉంటుందని చాలామంది అన్నారు, అంటే రోజూ పేషెంట్లకు ఆ భయమే అందుతోందన్నమాట. తర్వాత అవే వివరాలను మనుషుల లెక్కలోకి మార్చడం చూపించారు: వెయ్యిమంది, పదిమంది, తొమ్మిదిమంది, ఎనభై తొమ్మిదిమంది. అప్పుడు సరిగ్గా చెప్పినవాళ్లు 87 శాతం. డాక్టర్లు మారలేదు, జబ్బు మారలేదు, వాళ్లు కొత్త గణితమేదీ నేర్చుకోలేదు. అంకెలు పెట్టిన తీరు మారింది.

కాబట్టి పేపర్లనూ చానళ్లనూ ప్రభుత్వాలనూ ఆసుపత్రులనూ అడగాల్సింది చాలా చిన్నది. ‘ఇంత శాతం పెరిగింది’ అని రాసిన ప్రతిచోటా, ఎంతమందిలో ఎంతమంది నుంచి ఎంతమందికి పెరిగిందో పక్కనే రాయండి. 1995 నాటి ఆ హెచ్చరికకు అదనంగా కావలసింది కూడా ఒక్క వాక్యమే: 7,000 మందిలో ఒకరి బదులు ఇద్దరికి.